బిగించని ఎర్తు పట్టీ

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్లకు చెప్పాలని చాలాసార్లు బయలుదేరాను, ప్రతిసారీ ఏదో వేరే మాట మాట్లాడి తిరిగొచ్చాను. జానెడు పొడవుండే ఒక ఎర్తు పట్టీ ఇన్నేళ్లుగా నా మీద ఉంది. బరువు అంటారు కదా, ఇప్పుడది బరువులా కూడా లేదు. చెయ్యి మీద పడుకుని లేస్తే ఆ చెయ్యి మనది కానట్టు ఉంటుంది చూడండి, అలా ఉంది. ఉందని తెలుసు. నొప్పి మాత్రం తెలియదు.

నేను చిత్తూరులో బండ్లకు కరెంటు పని చేసేవాణ్ణి. డైనమో, స్టార్టరు, లైట్లు, వైరింగు. డెబ్బైల చివర్లో ఒకే షెడ్డులో నేనూ, మునిరత్నం అనే ఇంజను మెకానిక్కూ కలిసి పనిచేసేవాళ్లం. ఆయన నాకంటే పెద్ద, అన్నా అని పిలిచేవాణ్ణి. షెడ్డు ఇద్దరిదీ. కానీ ఊళ్లో అందరికీ అది మునిరత్నం షెడ్డు. నా గురించి చెప్పాల్సివస్తే 'మునిరత్నం షెడ్డులో బల్బులోడు' అనేవాళ్లు. ఆ పేరు మొదట పెట్టింది మునిరత్నమే. నవ్వుతూ పెట్టాడు. నవ్వుతూ పెట్టినవే ఎక్కువ రోజులు ఉంటాయి.

నేను ఏదీ మర్చిపోను. గొప్పకు చెప్పడం లేదు. ఒక పెళ్లిలో మొదటి పంక్తిలో కూర్చున్న నన్ను లేపి, ఎవరో ఆఫీసరును కూర్చోబెట్టిన బంధువు ఇంటి గడప ఇంతవరకూ తొక్కలేదు. ఆయన మర్చిపోయే ఉంటాడు. అవమానం చేసినవాళ్లకు మరుపు సులభం. ఈ మాట అనేటప్పుడు నేను ఏ పక్కన నిలబడి ఉన్నానో మీరు చివరికి చూస్తారు.

ఆ ఏడు ఆయుధ పూజకు షెడ్డులో పలక పరిచి పనిముట్లన్నీ పెట్టారు. స్పానర్లు, సుత్తులు, జాకీ. నా మీటరూ, వైర్లకు టంకం పెట్టే కడ్డీ నేను తెచ్చి పెట్టబోతే, "పలక మీద యాడుండాది తావు, నీయి ఆ పక్కన పెట్టుకోప్పా" అన్నాడు మునిరత్నం. పక్కన కింద పెట్టాను. గంధం, కుంకుమ స్పానర్ల దాకా వచ్చి ఆగిపోయాయి. నా మీటరుకు బొట్టు పడలేదు. కావాలని చేశాడా? కాదనుకుంటాను. అప్పుడు మాత్రం అవుననే అనుకున్నాను. అలా అనుకోవడం నాకు సుఖంగా ఉండేది.

తర్వాత కొద్ది రోజులకే ఆ కారు వచ్చింది. పాకాల దగ్గర మామిడి తోటలున్న ఒక నాయుడుగారిది. కార్వేటినగరంలో ఎవరింటి కొట్టంలోనో వడ్ల బస్తాల వెనక పడి ఉంటే కొన్నాడట. రెండే సీట్లు, పైకప్పు లేదు, పొడవాటి ముక్కు, ఆకుపచ్చ రంగు. ఎప్పుడో తెల్లదొరల సీమ నుంచి ఓడలో దిగిన పందెం కారు. ట్రాక్టరు వెనక మోకు కట్టి లాక్కొచ్చారు. దాన్ని తానే నడుపుకుంటూ ఘాట్ రోడ్డులో కొండకు వస్తానని ఆయన మొక్కుకున్నాడు.

ఎలాగో స్టార్టు చేశాం. చల్లగా ఉన్నప్పుడు బాగా నడిచేది. కాసేపు తిరిగి వేడెక్కితే చచ్చిపోయేది. మునిరత్నం కార్బురేటరు విప్పాడు, కడిగాడు, మళ్లీ విప్పాడు. టైమింగు సరిచేశాడు. మళ్లీ ఆగిపోయింది. అప్పుడు నేను ఒక గుడ్డ తడిపి, ఇంజనుకు నిప్పురవ్వ అందించే ఇగ్నిషన్ కాయిలు మీద వేశాను. కాయిలు చల్లారింది, ఇంజను అందుకుంది. వేడెక్కితే లోపల తీగ విడిపోతున్నట్టు. కాయిలు మార్చాను, జబ్బు పోయింది. సాయంత్రం నాయుడుగారు వస్తే మునిరత్నం ఏమన్నాడో తెలుసా? "టైమింగు సరిచేసినానన్నా, ఇప్పుడు గుర్రం మాదిరి పోతాది." నేను పక్కనే ఉన్నాను. చేతిలో ఆ తడిగుడ్డ కూడా ఉంది. నాయుడుగారు ఆయన భుజం తట్టాడు.

నేను నోరు తెరిచి అక్కడే చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు. చెబితే ఆ లెక్క అక్కడికక్కడే తీరిపోయేది. నాకు తీరడం ఇష్టం లేదేమో. దాచిపెట్టుకోవడమే ఇష్టమేమో.

ఇంజను పొగ వదులుతోందని మునిరత్నం దాన్ని కిందికి దించి రింగులు మార్చాడు. ఆ సమయంలో నేను ఎలుకలు కొరికిన పాత వైర్లన్నీ పీకేసి కొత్త వైరింగు వేశాను. పని అయ్యాక ఇంజను మళ్లీ ఎక్కించాడు.

ఇక్కడ ఒక సంగతి చెప్పకపోతే మీకు అర్థం కాదు. ఇంజను బండిలో రబ్బరు దిమ్మల మీద కూర్చుంటుంది. బాటరీ నుంచి స్టార్టరుకు వెళ్లిన కరెంటు తిరిగి రావాలంటే ఇంజనుకూ బాడీకీ మధ్య దారి కావాలి. ఆ దారి ఒక అల్లిన రాగి పట్టీ. అటు ఒక బోల్టు, ఇటు ఒక బోల్టు. మా షెడ్డులో నట్లూ బోల్టులూ ఆయనవి, వైర్లు నావి. ఒకరి పనిలో ఒకరు చెయ్యి పెట్టం. ఆ పట్టీ బోల్టుతో బిగించే వైరు. ఇంజను దించేటప్పుడు ఆయనే విప్పేవాడు, ఎక్కించాక ఆయనే బిగించేవాడు. అలవాటుగా జరిగిపోయేది కాబట్టి అది ఎవరి పని అని మేమెప్పుడూ మాట్లాడుకోలేదు.

ఆ ఉదయం నేను డైనమో వైర్లు కలుపుతుంటే, "ఇంజను కాడ తిరగొద్దప్పా, నేను పిలిస్తే రా" అన్నాడు. నాయుడుగారు అప్పుడే వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. ఆయన ఎదుటే మునిరత్నం ఆ మాట అన్నాడు. లేచి వస్తుంటే కనిపించింది. ఎర్తు పట్టీ ఒక చివర ఊడి కిందికి వేలాడుతోంది. బాడీ వైపు బోల్టు బిగించలేదు. తొందరలో మర్చిపోయాడు.

చూశాను. చూడలేదని నాకు నేను ఎన్నోసార్లు చెప్పుకున్నాను, కానీ చూశాను.

ఏమనుకున్నానో అదే చెబుతాను. చావు అనుకోలేదు, దెబ్బలు అనుకోలేదు. ఇది స్టార్టు కాదు అనుకున్నాను. స్టార్టరు టక్కుమని ఊరుకుంటుంది. నాయుడుగారి ముందు ఈయన ముఖం వాడిపోతుంది. నన్ను పిలుస్తాడు. నేను నిదానంగా వెళ్లి, వంగి, పట్టీ చూపిస్తాను. అందరూ చూస్తారు. అంతే. ఆ ఒక్క నిమిషం కావాలనిపించింది.

కానీ స్టార్టయింది. స్టార్టరు మూలుగుతూ తిరిగింది. ఆగి, మళ్లీ తిరిగి, అందుకుంది. ఎలా అయిందో నాకు వెంటనే తెలిసింది. అసలు దారి లేకపోతే కరెంటు ఇంకో దారి వెతుక్కుంటుంది. ఇంజనునూ బాడీనీ కలుపుతూ మిగిలిన ఇనుము ఒక్కటే, యాక్సిలరేటరు కేబులు. వేలెడు లావు లేని దాని గుండా స్టార్టరు కరెంటంతా పోయింది. కేబులు తొడుగు మీద సన్నగా పొగ లేచింది. "కొత్త రింగులు కదా, నూనె మాడతా ఉండాది" అన్నాడు మునిరత్నం నాయుడుగారితో.

అది నూనె వాసన కాదు. అక్కడున్నవాళ్లలో అది తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే.

మునిరత్నం స్టీరింగు ముందు కూర్చున్నాడు. నాయుడుగారు పక్కన కూర్చున్నాడు. కారు గేటు దాకా మెల్లగా వెళ్లింది. గేటు దగ్గర ఒక ఎద్దుబండి అడ్డం వస్తే ఆగింది కూడా. పరుగెత్తనక్కర లేదు, నడిచి వెళ్లినా అందేది. అన్నా, ఆగు, ఎర్తు ఊడింది. ఇన్ని మాటలు చాలు. నేను నిలబడి ఉన్నాను. ఆయన నన్ను పిలవలేదు కదా. నిజంగా ఇదే అనుకున్నాను. పిలిస్తే రమ్మన్నాడు, పిలవలేదు.

పాకాల రోడ్డులో, ఊరు దాటాక, వేడికి కేబులు లోపల పట్టేసింది. తొక్కిన యాక్సిలరేటరు తిరిగి పైకి రాలేదు. ముందు మలుపు ఉంది. ఆయన బ్రేకు తొక్కుతూ కల్వర్టు గోడకు తన పక్కే తగిలేలా తిప్పాడని నాయుడుగారే తర్వాత చెప్పాడు. నాయుడుగారికి నుదుటి మీద చిన్న గాయం. మునిరత్నం కుడి మోకాలు నుజ్జయింది.

తాళం తిప్పి ఇంజను ఆపేసి ఉండొచ్చు కదా, ఎందుకు ఆపలేదు? ఈ ప్రశ్న పట్టుకుని నేను చాలా ఏళ్లు వేలాడాను. ఆపి ఉంటే ఏమీ జరిగేది కాదు, కాబట్టి తప్పు ఆయనదే, అని. నా తప్పు లోపల ఆయన తప్పు ఒకటి వెతికి పెట్టుకుంటే కొంచెం నిద్ర పట్టేది.

కారును లారీకి కట్టి షెడ్డుకు తెచ్చారు. అందరూ ఆసుపత్రికి వెళ్లారు. నేను బండి దగ్గర ఉంటానన్నాను. మునిరత్నం స్పానరే తీసుకుని, కిందికి దూరి, ఆ పట్టీని బిగించాను. స్పానరు తుడిచి ఎక్కడిదక్కడ పెట్టాను.

మర్నాడు నాయుడుగారు నలుగురిని వెంటబెట్టుకుని వచ్చి చూశాడు. గుద్దుకు పైపు మీదికి వాలి ఉన్న కేబులు, దాని మీద మాడిన మచ్చ. మునిరత్నమే దాన్ని సైలెన్సరు పైపుకు ఆనించి వేశాడు, ఆ వేడికి పట్టేసింది అని తేల్చారు. ఆ మాట నేను పుట్టించలేదు. తల ఊపాను.

తర్వాత ఆసుపత్రికి వెళ్లాను. మునిరత్నం కాలికి కట్టుతో పడుకుని ఉన్నాడు. నన్ను చూసి మోచేతుల మీద లేవబోయాడు.

"డాక్టరు సెప్తే లేసేది లేదు, బల్బులోడు వస్తే లేస్తా ఉండాడు" అంది ఆయన భార్య, నాకు స్టూలు జరుపుతూ.

"వాడు రానీమే" అన్నాడు ఆయన. నా వైపు తిరిగాడు. "బండి సూసినావా?"

"సూసినానన్నా."

"వైరింగు పక్క ఏమన్నా ఉండాదా? నువ్వే సెప్పల్ల. ఆ కేబులు నేను పైపుకు ఎడంగానే ఏసినాను. ఏసినానా లేదా అని పండుకోని అదే సూస్తా ఉండా."

"కరెంటు పక్క ఏమీ లేదన్నా."

కాసేపు పైకప్పు చూశాడు. "ఎర్తు పట్టీ? తొందర్లో అది బిగించినానో లేదో గెవనం రాలేదప్పా."

"బిగించే ఉండాదన్నా" అన్నాను.

నేనన్న మాట అప్పటికి నిజం. అలాంటి నిజాలు ఉంటాయని నాకు ఆ రోజు తెలిసింది.

"అట్లయితే నా చెయ్యే" అన్నాడు. చెయ్యి ఎత్తి చూసుకున్నాడు. ఆయన భార్య ఆపిలు కోసి ఇస్తే నేను తిన్నాను.

నాయుడుగారి కారును తర్వాత నేనే బాగుచేయించాను. కొత్త కేబులు వేశాం. ఆయన మొక్కు తీర్చుకుని నాకు లడ్డు తెచ్చి ఇచ్చాడు. "నువ్వు లేకపోతే అయ్యేది కాదప్పా" అన్నాడు, నలుగురి ముందు. నేను కోరుకున్న మాట అదే. ఏమీ అనిపించలేదు.

మునిరత్నం కర్ర పట్టుకుని షెడ్డుకు తిరిగొచ్చాడు. కానీ పని చెయ్యలేకపోయాడు. కాలు వల్ల కాదు. బిగించిన బోల్టు దగ్గరికే మళ్లీ వెళ్లి బిగించేవాడు. మూత వేశాక తీసి చూసేవాడు. బండి గేటు దాటుతుంటే ఆపమని కేక వేసేవాడు. ఒకరోజు ఒక లారీకి బోల్టు బిగించీ బిగించీ మర అరిగిపోయింది. డ్రైవరు నవ్వాడు. ఆయన స్పానరు కింద పెట్టి, చేతులు కడుక్కుని, ఇంటికి వెళ్లిపోయాడు. భార్య పుట్టినూరు శ్రీకాళహస్తిలో సైకిళ్ల షాపు పెట్టాడని విన్నాను. ఇంజను మళ్లీ ముట్టలేదు. షెడ్డు నాకు మిగిలింది. చాలా కాలం దాన్ని మునిరత్నం షెడ్డనే పిలిచారు. అది కూడా నాకు కోపంగా ఉండేదంటే మీరు నమ్మాలి.

ఆయన పోయి కొన్నేళ్లయింది. కర్మాంతరానికి వెళ్లాను. విస్తరి ముందు కూర్చున్నాను. ఆయన భార్య నా ఎదుటకొచ్చి, "ఎవురన్నా కారు మాట ఎత్తితే లేసి బయటికి పోయేవాడు. నా చెయ్యి మంచిది కాదుమే అనేవాడు" అంది. అది చెప్పాల్సిన సమయం. నాకు తెలుసు, ఆమె ఎదురుగా ఉంది, పక్కన ఎవరూ లేరు. నేను మజ్జిగ అడిగాను. ఆమె తెచ్చి పోసింది.

క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు. క్షమించడానికి మీరెవరు? ఆమె ఉంది, అడిగితే ఆమెనే అడగాలి, అడుగుతానో లేదో నాకే తెలియదు. నిజం చెప్పాలంటే, ఇది రాస్తున్నప్పుడు కూడా ఆ బొట్టు పడని మీటరు గుర్తొచ్చి మనసు మండింది. నేను మారలేదు. అయినా మీతో ఒక్క మాట చెప్పాలి. పట్టీ మర్చిపోవడం ఆయన పొరపాటు. చూసి ఊరుకున్నది నేను, తర్వాత బిగించి దాచింది నేను. ఆయన బతికినంతకాలం తనదనుకున్న తప్పు అసలు జరగనే లేదు.

ఆ కేబులును మునిరత్నం సరిగ్గానే వేశాడు. మెలిక లేదు. పైపుకు బెత్తెడు ఎడంగా ఉండింది. నేను చూశాను.