మరువం కుండీ మెట్రో ఎక్కిన రోజు

నిన్న సాయంత్రం లిఫ్టు తలుపు తెరుచుకోగానే కొత్త పెయింటు, ఫినాయిలు కలిసిన వాసన గుప్పుమంది. మా పై అంతస్తులోకి ఎవరో కొత్తగా దిగుతున్నారు. ఎల్బీనగర్ అపార్టుమెంట్లలో ఇది ఎప్పుడూ ఉండే తంతే. కానీ ఆ వాసన ముక్కుకు తగిలితే చాలు, నాకు అండాలమ్మక్క గుర్తొస్తుంది. నవ్వూ వస్తుంది, కళ్ళూ తడుస్తాయి.

దిల్‌సుఖ్‌నగర్‌లో మేము అద్దెకున్న ఇంట్లో కింది వాటా ఆమెది. పోచంపల్లి వైపు నేతవాళ్ళ ఆడపడుచు. నూలుకు రంగు సరిగ్గా పట్టిందో లేదో చిన్నప్పుడే వాసన చూసి చెప్పేసేదట. మేమేమో తెనాలి వైపు వాళ్ళం. మొదటిరోజు మర్యాదగా "పిన్నిగారూ" అన్నాను. "గీ గారూ గీరూ నాకొద్దు బిడ్డా, సర్కారు దఫ్తర్ల కూసున్నట్టుంటది. అక్క అను," అంది. అరవై దాటిన మనిషిని అక్కా అని పిలవడానికి నోరు తిరిగేసరికే నాకు నెలరోజులు పట్టింది.

మా అత్తయ్యగారికి అప్పటికే చూపు పోయింది. వెలుతురు, నీడ తప్ప మరేమీ తెలియదు. అయినా పదకొండేళ్ళుగా ఉన్న ఇల్లు కదా, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా తిరిగేది. పోపు ఆవిడే పెట్టాలి, కాఫీ ఆవిడే కలపాలి. సాయంత్రాలు బాల్కనీలో తన మరువం కుండీ పక్కన కూర్చుని, "కళ్ళు పోతే పోయాయి, నా ఇంట్లో నేను మహారాణినే అమ్మాయ్," అనేది. ఇంటాయన కొడుక్కి మా వాటా కావాల్సొచ్చింది. మేము ఎల్బీనగర్‌లో ఫ్లాటు చూసుకున్నాం.

సామాను సర్దుతుంటే అండాలమ్మక్క గుమ్మంలో నిలబడి, "దిండు గలీబులు ఉతకకు. పాత వాసనతోనే తీస్కపో. కొత్త ఇంట్ల ముందుగాల గవే పర్వు. ముక్కు పరేషాన్ గాకుంటే మనిషి పరేషాన్ గాడు," అంది. మురికి గలీబులతో కొత్త ఇంట్లో దిగాలా? నా పరువేం కాను! నాకసలే శుభ్రం పిచ్చి. గలీబులు, దుప్పట్లు, కర్టెన్లు అన్నీ ఉతికి పారేశాను. కొత్త ఫ్లాటును మూడుసార్లు ఫినాయిలుతో కడిగించాను. ఇల్లు మారిన అలసట పోతుందని ఫోన్లో ఎవరో చెబితే విని, లావెండర్ నూనెను ఆవిరిగా వదిలే మిషనొకటి తెప్పించాను. బాల్కనీ టైల్స్ పాడైపోతాయని మరువం కుండీని మాత్రం అక్క గుమ్మం దగ్గరే వదిలేశాను. అంత తెలివైనదాన్ని నేను!

అత్తయ్య మంచం మీద కూర్చుని, దుప్పటి తడిమి, గాలి పీల్చి, "ఆస్పత్రికి తెచ్చారేంటి అమ్మాయ్? నాకేమైంది?" అంది. ఇల్లేనని ఎంత చెప్పినా ఆమెకు నమ్మకం కుదరలేదు. మంచం దిగి నాలుగడుగులు వేసి గోడకు కొట్టుకుంది. ఇక దిగడమే మానేసింది. నేను లావెండర్ చుక్కలు పెంచుతూ పోయాను, ఆవిడ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంటూ పోయింది. నాలుగో రోజు మా ఆయన్ని పిలిచి, "నన్ను మీ తమ్ముడి దగ్గర దింపెయ్ నాయనా. ఇక్కడ నేను దేనికీ పనికిరాను," అంది. ఆయన రైలు టికెట్ తీశారు. అన్నం వార్చడం కూడా రాకుండా కాపురానికొచ్చిన నాకు ఒక్క మాట అనకుండా అన్నీ నేర్పిన మనిషి ఆవిడ. నా చేతుల్తో నేనే ఆమెను ఇంట్లోంచి తోలేస్తున్నాననిపించింది. అండాలమ్మక్కకు ఫోన్ చేసి భోరుమన్నాను.

మర్నాడు పొద్దున్నే చీరల సంచీలో మరువం కుండీ పెట్టుకుని మెట్రోలో దిగింది. స్టేషన్లో సంచీ ఆపి ఏముందని అడిగితే, "మా వదినె ముక్కున్నది," అందట, అత్తయ్యను ఉద్దేశించి! మా గడపలో ఆగి ఒక్కసారి గాలి పీల్చి, "ఏంది బిడ్డా గిది, ఇల్లా దవాఖానానా? సబ్బు పెట్టి ఇంటిని సంపినవ్ గదనే!" అని తిట్లందుకుంది. మిషను ఆపేసింది. పాపం, ఆ నూనెదేం తప్పులేదు, దానికీ మా అత్తయ్యకూ చుట్టరికం లేదంతే.

కిటికీలన్నీ తెరిచింది. బాల్కనీ తలుపు దగ్గర మరువం కుండీ పెట్టింది. తను తెచ్చి తడిపిన వట్టివేళ్ళ కట్టను బాత్రూం తలుపు గడియకు కట్టింది. "ఉతకనిది ఒక్కటన్న మిగిలిందా?" అని అడిగింది. వెతగ్గా వెతగ్గా, రుబ్బురోలుకు చుట్టి తెచ్చిన అత్తయ్య పాతచీర దొరికింది. దాన్ని దిండు మీద పరిచి ఆవిణ్ణి పడుకోబెట్టింది. అత్తయ్య ఆ చీరలో మొహం పెట్టి చాలాసేపు ఉండిపోయింది. అక్క వంటింట్లోకి పోయి పొయ్యి మీద పోపు పెట్టి, ఇంగువ వేసి, మంట తగ్గించకుండానే ఇవతలికొచ్చింది.

అత్తయ్య లేచింది. నేను చెయ్యందించబోతే అక్క నా కొంగు పట్టి లాగింది. "పట్టకు. ముక్కే తోల్కపోతది."

"మరువం..." అంది అత్తయ్య. "అయితే బాల్కనీ ఇటు." ఒక అడుగు వేసింది. "వట్టివేళ్ళు అటు." మరో రెండడుగులు. హాలు మధ్యలో ఆగిపోయింది. ఉన్నట్టుండి వంటింటి వైపు తిరిగి, "అమ్మాయ్! పోపు మాడిపోతుంటే బొమ్మల్లా నిలబడ్డారేంటే ఇద్దరూ? నా ఇంట్లో మాడు పోపేంటి?" అని గద్దిస్తూ గోడను వేళ్ళతో రాసుకుంటూ తిన్నగా వెళ్ళి, తనే పొయ్యి ఆపేసింది.

నా ఇల్లు అంది! అండాలమ్మక్క నా వీపు మీద ఒక్కటి చరిచి, "గెలిచినం పో బిడ్డా!" అని అరిచింది. టికెట్ రద్దయింది. ఆ మధ్యాహ్నం అత్తయ్య మళ్ళీ పెట్టిన పోపుతో ముగ్గురం పప్పన్నం తిన్నాం. అంత రుచిగా ఇంకెప్పుడూ తినలేదు.

కొన్నేళ్ళకు అక్క కూడా ఇల్లు మారాల్సొచ్చింది, అబ్దుల్లాపూర్‌మెట్‌లో కూతురి దగ్గరికి. ముందురోజే ఆమె ఉతకని గలీబులు, చీరల పెట్టెలోని వట్టివేళ్ళు పట్టుకెళ్ళి కూతురింట్లో ఆమె గదిలో అన్నీ సర్దేశాను. మర్నాడు సణుక్కుంటూ వచ్చి గడపలో ఆగింది. ముక్కు ఎగబీల్చింది. "నాకన్న ముందుగాల నా ఇల్లొచ్చి కూసున్నది గదనే!" అంటూ నా నెత్తి మీద చెయ్యి పెట్టి, "పాసైనవ్," అంది. నేను రాసిన ఏ పరీక్షా నాకంత గర్వాన్నివ్వలేదు. ఆ దిండు మీదే చివరిదాకా హాయిగా నిద్రపోయిందని కూతురు చెప్పింది.

ఈ పొద్దున అత్తయ్య కుండీలోంచి తనే ఒక మరువం కొమ్మ తుంచిచ్చింది. దాన్ని చిన్న డబ్బాలో నాటి పై అంతస్తుకెళ్ళాను. కొత్తగా వచ్చినావిడ జుట్టు ముడేసుకుని, ఫినాయిలు సీసా చేత్తో పట్టుకుని తలుపు తీసింది. వెనకాల వాషింగ్ మిషను ముందు గలీబుల గుట్ట. నమస్కారం లేదు, పేరడగడం లేదు, "ఆగమ్మా, ఆగు! అవి ఉతక్కు!" అని అరుస్తూ లోపలికి పోయాను.