ఫారంలో లేని ప్రశ్న

నిన్న పొద్దున కాఫీ కలుపుకుంటుంటే, ఇక్కడే మలేసియాలోని తెలుక్ ఇంటాన్ అనే ఊరి నుంచి నా పాత విద్యార్థిని వాయిస్ మెసేజ్ పంపింది. తాను నడుపుతున్న ఉచిత న్యాయ సహాయ కేంద్రానికి ఈ ఏడు నలుగురు విద్యార్థుల్ని పంపమంది. చివర్లో, "మీ ఫారాలు మాత్రం పంపకండి సర్" అని నవ్వింది. నాకూ నవ్వాగలేదు. ఆ ఫారాల సంగతి చెప్పాలంటే ముందు బంటింగ్‌లోని మా పిన్ని గురించి చెప్పాలి.

పిన్ని పామాయిల్ తోటలో పనిచేసి, పని మానేశాక కూడా ఆ తోట ఇంట్లోనే ఉండేది. తోట చేతులు మారింది. ఇళ్ళు ఖాళీ చేయించాలని కొత్త యజమానులు కోర్టుకెక్కారు. పిన్నితో పాటు పద్దెనిమిది కుటుంబాలు వీధిన పడే పరిస్థితి. నేనప్పుడు కౌలాలంపూర్‌లో లా పాఠాలు చెప్పేవాణ్ణి. లాయరైన నా మిత్రుడు ఫీజు లేకుండా కేసు తీసుకుని, ఆ కుటుంబాల వాంగ్మూలాలు రాసుకొచ్చే పని నా విద్యార్థులకు అప్పగించాడు. పేదల పక్షాన నిలిచే లాయర్లను తయారుచేస్తున్నానన్న గర్వంతో నేను నాలుగు పేజీల ప్రశ్నల ఫారం ఒకటి తయారుచేశాను.

పిల్లలు వరండాలో కూర్చుని ఒక్కో ప్రశ్నా తమిళంలో అడిగారు. పిన్ని అన్నిటికీ అవుననే చెప్పింది. ఇక్కడ ఉండటానికి అనుమతి ఉందా అంటే అవును. లేదా అంటే అదీ అవునే. ఎండన పడి వచ్చిన చదువుకున్న పిల్లలు, కాదంటే నొచ్చుకుంటారని ఆవిడ బాధ. నేను పక్కన కూర్చుని తల పట్టుకున్నాను.

ఆ పిల్లల్లో ఒకమ్మాయిది తెలుక్ ఇంటాన్ తెలుగు కుటుంబం. ఇంట్లో తెలుగు విని అర్థం చేసుకునేది గాని జవాబు ఇంగ్లీషులోనే. పెద్ద కంపెనీల కేసులు చూసే ఆఫీసులో చేరాలని అప్పటికే నిశ్చయించుకుంది. మాతో వచ్చింది మార్కుల కోసమని దాచకుండా చెప్పింది కూడా. ఆ అమ్మాయి ఫారం పక్కన పడేసి, పిన్ని ముందున్న చేటలోంచి ఎండు నెత్తళ్ళ చేపలు తీసుకుని తలలు తుంచడం మొదలుపెట్టింది. పిన్ని అప్పుడు నోరు విప్పింది. పెళ్ళిళ్ళు, పురుళ్ళు, పాములు, వానలు అన్నీ అయ్యాక, తెల్లవారగానే హాజరు పిలిచే మైదానంలో అప్పట్లో తోట నడిపిన దొర ఒకసారి ఇచ్చిన మాట దగ్గరికొచ్చింది. పని మానేసినవాళ్ళు అక్కడే ఉండొచ్చనీ, ఇళ్ళు కట్టించి ఇచ్చేదాకా ఎవరూ కదలక్కర్లేదనీ అన్నాడట. నేనైతే అంతవరకూ రాసుకుని లేచేవాణ్ణి. ఆ అమ్మాయి మాటలు కూడబలుక్కుంటూ, మలేసియా వాళ్ళ ఊతపదం 'లా' మధ్యలో చేరుస్తూ అడిగింది.

"దొర ఏటి బాసలో సెప్పినాడు మామ్మా?"

"ఇంగిలీసులో."

"మీకు ఇంగ్లీష్ రాదు కదా లా. మరి మీకెవలు సెప్పినారు?"

"కిరాణీ సెప్పినాడమ్మా. పక్కన నిలబడి అరవంలోనూ, మన మాటల్లోనూ సెప్పినాడు."

కిరాణీ అంటే తోట ఆఫీసు గుమాస్తా. పిల్లలు వారం రోజులు బస్సులెక్కి తిరిగి ఆయన్ని క్లాంగ్‌లో కూతురింట్లో పట్టుకున్నారు. ఎనభై దాటిన మనిషి, ఒక చెవి వినబడదు. కోర్టు బోనులో మాత్రం నిటారుగా నిలబడ్డాడు. అంత పాత మాటలు ఎలా గుర్తున్నాయని అవతలి లాయరు నిలదీశాడు.

"ఒక్కో మాటా ముందు ఇంగ్లీషులో విని, ఆనక రెండు భాషల్లో చెప్పినాను. ఎలా మర్చిపోతాను?" అన్నాడాయన.

కొత్త ఇళ్ళు కట్టి ఇచ్చేదాకా ఎవర్నీ కదపకూడదని తీర్పు వచ్చింది. కోర్టు మెట్ల దగ్గర పెద్దవాళ్ళంతా గుమిగూడారు. తీర్పు సంగతి నేను చెప్పబోతే పిన్ని చెయ్యెత్తి ఆపి, ఆ అమ్మాయిని ముందుకు తోసింది. అంతమంది ముందు తెలుగు మాట్లాడటం ఆ పిల్లకు అదే మొదటిసారి.

"మనల్ని ఎవలూ ఎళ్ళగొట్టలేరు. ఇళ్ళు కట్టినాకే ఎళ్దాం" అంది.

మిమ్మల్ని అనలేదు, మనల్ని అంది. ముసలివాళ్ళు చప్పట్లు కొట్టారు, కొందరు ఏడ్చారు. నా మిత్రుడు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ నిలబడిపోయాడు. పెద్ద కంపెనీల కేసులు చూసే ఆ ఆఫీసు ఇంటర్వ్యూకి ఆ అమ్మాయి ఇక వెళ్ళనేలేదు. నిన్న మెసేజ్ పంపింది తనే.

ఏడాదిన్నరకు పిన్ని తన పేరిట ఉన్న కొత్త ఇంట్లో పాలు పొంగించింది. కాలం అన్నిటినీ మరిపిస్తుందని నేనూ చాలాసార్లు అన్నాను. ఇచ్చినవాళ్ళు మర్చిపోయిన మాటను విన్నవాళ్ళ దగ్గర భద్రంగా దాచిపెట్టేదీ ఆ కాలమేనని ఆ పొంగిన పాలు తాగుతుంటే తెలిసింది.