ఐసుపెట్టెలో మా అత్త

నెల కిందట అరుగు మీద కూర్చుని వేరుశనగకాయలు ఒలుచుకుంటుంటే ఫోన్ మోగింది. అవతల అరసవల్లి అమ్మాయి. అమ్మాయి అంటున్నానే గానీ ఆవిడకిప్పుడు ముక్కు మీదికి కళ్ళజోడు వచ్చింది, కొడుకు ఇంజనీరింగులో చేరాడు. ఆడవాళ్ళ ఆరోగ్యం మీద ఏళ్ళ తరబడి సాగుతున్న ఒక పరిశోధన కోసం మా పేటకి మొదటిసారి వచ్చినప్పుడు మాత్రం నడుం దాటిన జడతో నిజంగానే అమ్మాయి. ఊరు అరసవల్లి అని చెప్పింది కాబట్టి మా అత్త ఆ రోజే ఆ పేరు ఖాయం చేసేసింది. అసలు పేరు మా పేటలో సగంమందికి ఇప్పటికీ తెలీదు. ఎప్పుడు ఫోన్ చేసినా క్యాంపు ఫలానా రోజు, పరగడుపున రండి అని రెండు ముక్కల్లో తేల్చేసే మనిషి, ఆ రోజు వానల గురించి అడిగింది, మా అమ్మాయి చదువు గురించి అడిగింది, మా ఆయన మోకాలినొప్పి గురించి కూడా అడిగింది. అన్నీ అయ్యాక అసలు మాటకొచ్చింది.

"అక్కా, మామ్మగారిది మా దగ్గర ఉండిపోయింది కదా. ఉంచమంటారా, తీసెయ్యమంటారా?"

మామ్మగారంటే మా అత్త. పోయి ఏడాది దాటింది. ఆవిడది ఇంకా ఏముంది మీ దగ్గర అని అడగబోయి ఆగిపోయాను. గుర్తొచ్చింది. ఒలుస్తున్న కాయ చేతిలోనే ఉండిపోయింది. అత్త రక్తం ఉంది.

అత్త నాకు రెండు విధాల అత్త. మా నాన్నకి అక్క, మా ఆయనకి తల్లి. మేనత్త ఇంటికే కోడలిగా వెళ్ళాను కాబట్టి పెళ్ళయ్యాక నాకు పెద్దగా మారిందేమీ లేదు. వీధి మారలేదు, పిలుపులు మారలేదు, తిట్లు మాత్రం కాస్త చిక్కబడ్డాయి. మామయ్య నేను కాపురానికి రాకముందే పోయాడు. ఇల్లు నడిపింది అత్త చేపల బేరం. పడవలు ఒడ్డుకి చేరేసరికి ఆవిడ అక్కడుండేది. వేలంపాటలో ఆవిడతో పోటీ పడటానికి మగవాళ్ళు కూడా జంకేవారు. కొన్న చేపల్ని ఐసు కొట్టించి పెట్టెలో సర్దుకుని, మరికొంతమంది ఆడవాళ్ళతో ఆటో ఎక్కి నెల్లిమర్ల పోయేది. అక్కడ జూట్ మిల్లు వాళ్ళు ఇళ్ళకి మళ్ళే వేళకి రోడ్డు పక్కన కూర్చుంటే చాలు, సంచుల్తో సహా వచ్చేవారు. పొద్దు వాలాక ఇంటికొచ్చి కాళ్ళు చాపుకుని కూర్చుంటే ఇల్లంతా చేపల వాసన, ఐసునీళ్ళ చల్లదనం.

ఐసంటే అత్తకి భయమూ భక్తీ రెండూ ఉండేవి. "ఐసులో ఎట్టినాక అది సచ్చినట్టూ కాదే, బతికినట్టూ కాదు. మజ్జిలో ఉంతాది" అనేది. ఇంకో పట్టింపు కూడా ఉండేది. సాయంత్రానికి అన్నీ అమ్ముడై ఒకే ఒక్క చేప మిగిలిందనుకోండి, దాన్ని ఛస్తే ఐసుపెట్టెలో పెట్టేది కాదు. దారిలో ఎవరికో ఇచ్చేసేది, లేకపోతే ఇంటికి తెచ్చి పులుసు పెట్టేది. "ఒక్కదాన్నీ అంత సలిలో ఎలా ఒగ్గీగలమే? పక్కన ఇంకోటి ఉండాల" అనేది. చేపకి తోడేమిటని నేను నవ్వేదాన్ని. నవ్వుతూనే ఆ పులుసు రెండుసార్లు కలుపుకునేదాన్ని.

పరిశోధనవాళ్ళు ప్రతి ఏడూ వానలకి ముందు వచ్చేవారు. నేను అంగన్‌వాడీ టీచర్ని కావడంతో మా సెంటరు వరండాలోనే వాళ్ళ బల్లలు వేసేవారు. బరువు చూసేవారు, నడుం కొలిచేవారు, రక్తం తీసేవారు, బోలెడు ప్రశ్నలు అడిగేవారు. అత్తకి వాళ్ళ కాటా మీద ఏ ఏడూ నమ్మకం కుదరలేదు. జీవితమంతా కాటా దగ్గర గడిపిన మనిషికి ఇంకొకరి కాటా ఎక్కాలంటే ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి. ఎక్కేముందు వంగి, కింద ఎవరైనా వేలు పెట్టారేమోనని చూసేది. నెలసరి ఎప్పుడు ఆగిందమ్మా అంటే, "పెద్ద గాలొచ్చి పడవలన్నీ పోనాయి సూడు, ఆ ఏడు" అనేది. ఆ గాలి ఏ ఏడు వచ్చిందో పేటంతా తిరిగి కనుక్కునే పని అరసవల్లి అమ్మాయిది. మనసు దిగులుగా ఉంటోందా అని అడిగితే మాత్రం, "సేప అమ్ముడవ్వకపోతే ఉంతాది. నీకుండదేటి?" అని ఎదురడిగింది. ఆ పిల్ల ఏం రాసుకుందో నాకు తెలీదు.

వాళ్ళు మొట్టమొదట వచ్చిన రోజు నాకు బాగా గుర్తు. అప్పుడు అత్తకి యాభై రెండేళ్ళు. నేను ఏడో నెల కడుపుతో ఉన్నాను కాబట్టి నా రక్తం తీసుకోలేదు. అత్త పక్కన బెంచీ మీద కూర్చుంటే, సూది దిగేటప్పుడు నా మణికట్టు పట్టుకుని పిండేసింది. గాజులు రెండు చిట్లాయి. తీసిన రక్తంలో కొంత విశాఖలో చాలా చల్లటి గదిలో దాచుతామని, మున్ముందు కొత్త పరీక్షలు వస్తే అందులో చూస్తామని అమ్మాయి వివరంగా చెప్పింది. అత్త శ్రద్ధగా వింది.

"నాను పోనాక కూడా ఉంతాదా?"

"మీరెక్కడికి పోతారమ్మా" అని ఆ పిల్ల నవ్వేసింది.

అత్త నవ్వలేదు. ఆ చిన్న గొట్టం వంకే చూస్తూ, "పక్కనెవులుంతారు?" అంది.

"చాలామంది ఉంటారు. మీలాంటివాళ్ళే."

"మనోళ్ళేనా?" అని అడిగింది అత్త. ఆ పిల్ల గొట్టానికి నంబరు చీటీ అంటించింది. అత్త సరేలే అన్నట్టు తల ఊపి వేలిముద్ర వేసింది. తర్వాతి ఏళ్ళలో నేనూ రక్తం ఇచ్చాను గానీ అదంతా అప్పటికప్పుడు పరీక్షలకే సరిపోయేదట. దాచింది మొదటి ఏటిదే. అంటే మా ఇంటినుంచి ఆ చలిలో ఉన్నది అత్త ఒక్కతే.

ఇది ఎందుకింతలా నన్ను పట్టుకుందో తెలియాలంటే మా ఇంటి ఆనవాయితీ ఒకటి చెప్పాలి. మనిషి పోతే పెద్దకర్మ నాటికి వాళ్ళ ఒంటిని అంటుకున్నదేదీ ఇంట్లో ఉండకూడదు. కట్టిన బట్ట, దువ్వెన, పండ్లపుల్లతో సహా అన్నీ సముద్రంలోకి పోవాలి. ఈ విషయంలో అత్తంత నిక్కచ్చి మనిషి మరొకరు లేరు. మా నాయనమ్మ, అంటే అత్తకి కన్నతల్లి, పోయిన కొన్ని నెలలకి వాసంలో దోపిన విరిగిన దువ్వెన ఒకటి బయటపడింది. దాని పళ్ళ మధ్య రెండు నెరిసిన వెంట్రుకలు ఉన్నాయి. అన్నం ముందు కూర్చున్నది కూర్చున్నట్టే లేచి, మిట్టమధ్యాహ్నం కాలే ఇసకలో నడిచి వెళ్ళి సముద్రంలో విసిరొచ్చింది అత్త. కాళ్ళు బొబ్బలెక్కాయి. నేను వెన్న రాస్తుంటే, "ఒంటిదేదీ గట్టున ఉండకూడదే. ఉంటే దారి తెగదు, తిరిగొస్తాది" అంది. అప్పుడు మాత్రం నాకు నవ్వు రాలేదు.

నాయనమ్మది రొమ్ములో పుండు అనేవారు. ఆ రోజుల్లో దానికి అంతకుమించి పేరు లేదు. అత్తకి గడ్డ బయటపడేసరికి పేరూ ఉంది, ఆస్పత్రీ ఉంది, కానీ ఆలస్యమైపోయింది. రెండేళ్ళు అవస్థపడి వెళ్ళిపోయింది. ఆనవాయితీ ప్రకారం అన్నీ సముద్రంలో కలిపాం. చీరలు, దువ్వెన, బుట్ట, తల మీద పెట్టుకునే చుట్టగుడ్డ కూడా. వాసాలన్నీ చేత్తో తడిమి చూశాను, ఎక్కడా ఏమీ మిగల్లేదని నిశ్చింతగా ఉన్నాను. విశాఖలో ఉన్నది మాత్రం ఇంట్లో ఎవరికీ తట్టలేదు.

కర్మ అయిన వారం నుంచే అత్త రావడం మొదలైంది. మధ్యాహ్నం పిల్లల్ని పంపేసి నేనొక కునుకు తీస్తాను కదా, అప్పుడు వస్తుంది. గుమ్మం దగ్గర మోకాళ్ళు ముడుచుకుని కూర్చుని, "సలేస్తందే" అంటుంది. అంతే, ఇంకో మాట ఉండదు. ఎర్రటి ఎండలో చెమటతో లేచి కూర్చుంటే నా కాళ్ళు మంచుగడ్డల్లా ఉండేవి. ఎవరికీ చెప్పలేదు. ఒక ఆదివారం అరసవల్లి వెళ్ళి సూర్యనారాయణస్వామి గుడి బయట ఒక ముసలామెకి దుప్పటి ఇచ్చి వచ్చాను. సూర్యుడి దగ్గర ఇస్తే అత్తకి వెచ్చగా ఉంటుందని నా ఆశ. ఏమీ లాభం లేకపోయింది. ఆ ఫోన్ వచ్చాక గానీ అత్త ఎక్కడినుంచి వస్తోందో నాకు తెలియలేదు. ఇంత కాలం ఆవిడ మాట వింటూ కూడా అర్థం చేసుకోలేకపోయానే అని ఏడుపొచ్చింది.

అరసవల్లి అమ్మాయి చెప్పిందేమిటంటే, దాచినవన్నీ కొత్త చోటికి మారుస్తున్నారట. పోయినవాళ్ళవి ఉంచాలో వద్దో ఇంటివాళ్ళనే అడగమన్నారట. ఇంకో మాట కూడా మెల్లగా చెప్పింది. అత్త జబ్బు ఇంటి రక్తంలో వచ్చేదో కాదో ఆ పాత రక్తంలో చూస్తే తెలియవచ్చట. తెలిస్తే మా అమ్మాయిని ముందునుంచే కనిపెట్టుకుని ఉండొచ్చట. మా అమ్మాయికి తండ్రి వైపు నుంచి అత్త నాయనమ్మ. తల్లి వైపు నుంచి చూసినా ఆ రక్తమే. మేనరికం ఇంట్లో పుట్టిన పిల్లకి తప్పించుకునే వైపు ఏముంది?

మా ఆయన వినగానే లేచి నిలబడ్డాడు. "మాయమ్మ రగతం ఇంకా గట్టు మీద ఉన్నాదా? రేపే ఎల్లి తెచ్చి గంగలో కలిపీద్దాం" అన్నాడు.

"బావా, మన గుంటకి పనికొస్తాదంట, వినవేటి?" అన్నాను.

"అమ్మకి దారి తెగకపోతే నాకు కూడెలా దిగుతాదే?" అన్నాడు. మగవాడు తల్లి కోసం ఏడిస్తే చూడటం కష్టం. నాకు ఆయన మాటే సబబనిపించింది. రోజూ మధ్యాహ్నం చలికి వణికే అత్తని చూస్తున్నది నేను కదా. కాదనడానికి నాకేం మొహం ఉంది?

విజయనగరం హాస్టలు నుంచి శనివారం మా అమ్మాయి వచ్చింది. మొదటి ఏడు కడుపులో ఉండి నా రక్తం ఇవ్వనివ్వనిది ఈవిడే. ఇప్పుడు డిగ్రీ చివరి ఏడు. అంతా విని, తండ్రి కంచం ముందు కూర్చుని, "నాన్నా, నాయనమ్మవన్నీ సముద్రంలో కలిపీసినారు. నాకోసం మిగిలింది అదొక్కటే. అదీ పారబోస్తే నాకేటి దారి?" అంది. ఆయన చాలాసేపు అన్నం కలుపుతూనే ఉన్నాడు. చివరికి, "ఉంచమను" అన్నాడు, నా వైపు చూడకుండా.

మొన్న మళ్ళీ మా వరండాలో బల్లలు వేశారు. ఈసారి ఉన్నవాళ్ళందరిదీ కొత్తగా తీసి దాచుతున్నారు. బెంచీ మీద నా పక్కన చోటు ఖాళీగా ఉంది. అలవాటుగా మణికట్టు అటు చాపాను, పట్టుకోవడానికి ఎవరూ లేరు. సూది తీశాక అరసవల్లి అమ్మాయిని అడిగాను, నాది అత్త పక్కన పెట్టించగలవా అని. నంబర్ల వరసలో పెడతారక్కా అంటూ ఏదో చెప్పబోయింది.

"ఒక్కదాన్నీ అంత సలిలో ఒగ్గీకూడదమ్మా" అన్నాను. అది నేనన్న మాటే గానీ గొంతు నాది కాదు, అత్తది. ఆ అమ్మాయి కూడా గుర్తుపట్టినట్టుంది. కళ్ళజోడు తీసి తుడుచుకుని, "నేనే వెళ్ళి పెట్టిస్తాను" అంది. నిన్న ఫోన్ చేసి పెట్టించానని చెప్పింది.

మా అమ్మాయి సంగతి ఇంకా తెలియలేదు, కొన్నాళ్ళు పడుతుందట. ఫోన్ మోగితే చాలు, చేతిలో పని వదిలేసి లేస్తున్నాను. అత్త ఈ మధ్యాహ్నం కూడా వచ్చింది. గుమ్మం దగ్గర కూర్చుంది గానీ కాళ్ళు చాపుకుని కూర్చుంది, చలి మాట ఎత్తలేదు. లేచాక వేళ్ళు మడిచి లెక్క చూసుకున్నాను. నాకిప్పుడు యాభై రెండు. బయట అత్త ముసలిదైంది, జబ్బుపడింది, బూడిదై సముద్రంలో కలిసింది. లోపల, ఆ చల్లటి గదిలో, ఆవిడకి ఇంకా యాభై రెండే. వచ్చే ఏటికి నేను అత్త కంటే పెద్దదాన్నయిపోతాను, అక్కడ మాత్రం ఇద్దరం ఎప్పటికీ ఒక ఈడువాళ్ళమే.