తుడుపు మాస్టారి నలభై రోజులు

అద్దాల పెట్టెలో తిరుగుతున్న మోటారు ఆ పొద్దుటి నుంచి కొత్తగా ఒక చప్పుడు చేస్తోంది. చిట్, చిట్ మని, ఉండీ ఉండీ. టెస్టింగు రూములో ఇంకెవరికీ అది వినిపించలేదు. తుడుపు మాస్టారికి వినిపించింది. ముప్పై ఏళ్లుగా మోటార్లకు చెవి ఒగ్గిన మనిషి ఆయన. ఇంట్లో భార్య పిలిస్తే మాత్రం మూడోసారికి గానీ పలకడు.

ఆ పేరు పెట్టింది ఫ్యాక్టరీ వాళ్లే. ఆయన భుజం మీద ఎప్పుడూ ఒక మెత్తటి పాత గుడ్డ ఉంటుంది. బల్ల, మీటరు, తలుపు గడియ, ఆఖరికి ఎదుటివాడి కళ్లజోడు, కంటపడితే చాలు తుడిచేస్తాడు. "కాసేపు కదలకుండా కూర్చుంటే నన్నూ తుడిచి అలమారలో పెట్టేస్తారు" అని భార్య ఎత్తిపొడుస్తుంటుంది. మకిలి పట్టిన యంత్రం ముందు నిలబడితే ఆయన చేతులు ఊరుకోవు. అది తప్పని ఎవరంటారు? నేనైతే అనను. కానీ విన్నాక మీరే చెప్పండి.

పెట్టెలోని మోటారుకున్నది ఫ్యాక్టరీ డిజైనరమ్మ గీసిన బ్రష్ హోల్డరు. మోటారు లోపల తిరిగే రాగి చక్రానికి కరెంటు అందించేది సగం అగ్గిపెట్టెంత కార్బన్ ముక్క. దాన్నే బ్రష్ అంటారు. అరిగేకొద్దీ అది కిందికి జారుతూ చక్రాన్ని అంటుకునే ఉండాలి. దాన్ని పట్టి ఉంచే ఇత్తడి గడి పేరే హోల్డరు. పైనుంచి స్ప్రింగు నొక్కుతుంటుంది. పాత హోల్డర్లలో గడి వదులై బ్రష్ గడగడలాడేది. ఈ అమ్మాయి రెండేళ్లు కూర్చుని, పదిహేడు సార్లు గీసి, గడికీ బ్రష్‌కీ మధ్య ఖాళీని వెంట్రుకవాసికి తెచ్చింది. గడగడ పోయింది. "మరీ బిగుతేమోనమ్మా, అరిగిన పొడి పేరుకుని బ్రష్ ఇరుక్కుంటే?" అని పెద్ద ఇంజినీరు సందేహపడ్డాడు. నలభై రోజులు నడిపి చూద్దాం అంది ఆమె.

నడిపింది మాస్టారే. రోజూ ఉదయం మోటారు పది నిమిషాలు ఆపి, బ్రష్ బయటికి తీసి, ఎంత అరిగిందో కొలిచి మళ్లీ పెట్టాలి. ఇంకేమీ ముట్టుకోకూడదని ఆమె కాగితం మీద రాసి గోడకు అంటించింది. ఆయన పొల్లుపోకుండా పాటించాడు. తుడవడం కూడా ముట్టుకోవడమేనని మాత్రం ఆయనకు తట్టనే లేదు. బ్రష్ తీసినప్పుడల్లా గడిలోని నల్లపొడిని ఉఫ్ మని ఊది, గుడ్డ కొస మెలిపెట్టి లోపల తిప్పి, తళతళలాడించి పెట్టాడు. ఆ అమ్మాయి అంటే కన్నకూతురంత ఆపేక్ష మరి.

హోల్డరు పాసైంది. మూడు నెలల క్రితం, దగ్గర్లోని గనిలోకి మనుషుల్ని దించే లిఫ్టు మోటారుకు ఆ హోల్డర్లే బిగించారు. ఆ లిఫ్టు నడిపేది మాస్టారి కొడుకు.

ఇక్కడి మోటారును వచ్చేపోయేవాళ్లకు చూపించడానికి మేనేజరు పది రోజుల క్రితం అద్దాల పెట్టెలో పెట్టించి, తాళం వేయించి, పగలూ రాత్రీ తిప్పిస్తున్నాడు. మాస్టారు అద్దాన్ని పైపైన తుడిచి సరిపెట్టుకుంటున్నాడు.

ఇప్పుడు ఆ అద్దానికి ముఖం ఆనించి చూశాడు. చక్రం అంచున నీలంగా ఒక మెరుపు. కాసేపటికి రెండు. గడిలో పొడి పేరుకుంది. స్ప్రింగు నొక్కుతున్నా బ్రష్ దిగడం లేదు. పది రోజులకే!

గనిలో మూడు నెలలుగా బాగానే నడుస్తోంది కదా అని తనకు తాను సర్దిచెప్పుకుంటుండగా, కొడుకు లోపలికొచ్చాడు. ఎడమచేతిలో క్యారేజీ, కుడిచేతికి కట్టు.

"అమ్మ పంపింది. క్యారేజీ మర్చిపోయి గుడ్డ మాత్రం తెచ్చుకున్నారట!"

పక్క బల్ల దగ్గర డిజైనరమ్మ నవ్వింది. "ఏం తమ్ముడూ, చెయ్యి తగ్గిందా? నా హోల్డర్లు ఎలా ఉన్నాయి?"

"తలుపు సందులో పడ్డ వేళ్లక్కా, ఇంకో వారం పడుతుందట. నీ హోల్డర్లా? బంగారం! ఒక్కసారి పేచీ పెడితే ఒట్టు. రోజూ డ్యూటీ ఎక్కగానే ఊది, తుడిచి పెడతానుగా. నాన్న పెంపకం మరి, ఎక్కడికి పోతుంది?"

"నువ్వు లేనప్పుడు ఎవరు తుడుస్తున్నార్రా?" మాస్టారు అద్దం దగ్గర్నుంచి ఇటు తిరిగాడు.

"నా బదులు వచ్చినాయనా? తాగిన కప్పే కడగడు నాన్నా, ఇంక బ్రష్షులు కూడానా!"

"ఎన్నాళ్లైంది?"

"ఇవాళ్టికి పదో రోజు."

"అసలు తుడవక్కర్లేదు తమ్ముడూ," అంది డిజైనరమ్మ. "ఇక్కడ నలభై రోజులు తుడవకుండానే..." అంటూ మాస్టారి ముఖం చూసి ఆగిపోయింది. "బాబాయ్?"

"తుడిచానమ్మా."

"ఎన్నిసార్లు?"

"రోజూ."

ఆమె తిడితే బాగుండుననిపించింది ఆయనకు. ఆమె మాత్రం గబగబా ఫోను దగ్గరికెళ్లి గనిలోని లిఫ్టు గది నంబరు కలిపి, అందరికీ వినబడేలా స్పీకరు నొక్కింది. అవతల ఫోను మోగుతూనే ఉంది.

"లిఫ్టు కదులుతున్నంతసేపూ ఫోను ఎత్తకూడదక్కా. అక్కడి రూలు," అన్నాడు కొడుకు. వాడి ముఖంలో నవ్వు పోయింది. "ఇది షిఫ్టు మారే వేళ."

పది సార్లు మోగింది. పదకొండోసారికి ఎవరో ఎత్తారు.

"మోటారు ఆపండి! వెంటనే ఆపండి!"

"నేను ఆపేదేముందమ్మా," అన్నాడు అవతలి మనిషి ఒగరుస్తూ. "ఫట్ మని మెరిసి అదే ఆగిపోయింది."

"లిఫ్టెక్కడుంది?"

"సగంలో. పదకొండు మంది ఉన్నారు. బ్రేకు పట్టింది కానీ, ఉండుండి జారుతోంది. ఇప్పుడే మళ్లీ ఒక మూర..."

రిసీవరు బల్ల మీద పడ్డ చప్పుడు. ఆ వెనకాల గంట. లిఫ్టులో ఉన్నవాళ్లు ఆగకుండా మోగిస్తున్న గంట. కొడుకు అప్పటికే తలుపు దాటి పరిగెత్తుతున్నాడు.

మాస్టారు ఫోను పక్కనే నిలబడి ఆ గంట వింటున్నాడు. భుజం మీది గుడ్డ చేతిలోకి ఎప్పుడొచ్చిందో ఆయనకు తెలియదు. ఫోను మీద దుమ్మేమీ లేదు. అయినా తుడుస్తున్నాడు.

డిజైనరమ్మ ఆ గుడ్డను ఆయన వేళ్లలోంచి లాగేసుకుంది.

"ఇక దేన్నీ ముట్టుకోకండి బాబాయ్."