కదలని అంకె

పాతికేళ్లు దాటింది. ఈ మాట గొంతు దాకా వచ్చి ఎన్నిసార్లు వెనక్కి పోయిందో నాకే తెలియదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నాను. ముఖం తెలిసినవాళ్ల దగ్గర నేను పిరికిదాన్ని.

తొంభైల్లో, భిలాయిలో, హథ్‌ఖోజ్ పారిశ్రామికవాడలోని ఒక చిన్న ఇనుప కడ్డీల షెడ్డులో పనిచేసేదాన్ని. అక్కడ బొగ్గు నుంచి గ్యాస్ తీసి కొలిమి మండించేవాళ్లు. అందులోని విషానికి వాసన ఉండదు. పైపుల గోతిలో ఆ గ్యాస్ ఎంతుందో కొలవడానికి ఒక పాత మీటరు ఉండేది. దాన్ని కంప్యూటర్ వెనకుండే సీరియల్ పోర్టుకి కేబుల్‌తో కలిపి, అది పంపే అంకెలు కంప్యూటర్‌కి అర్థమయ్యేలా డ్రైవర్ ప్రోగ్రాం రాయడం నా పని. అంకె ఎక్కువైనా, చెడిపోయి వచ్చినా, అసలు రాకపోయినా అలారం మోగాలి. అలాగే రాశాను. మొదట్లో.

ఆ ఉద్యోగం ఇప్పించింది సింహాచలం బాబాయి. టౌన్‌షిప్ సెక్టర్ 2లో మా పక్కిల్లు. షెడ్డులో పైపుల పని ఆయనదే. మా పిల్ల కంప్యూటర్ చదివిందని యజమాని దగ్గర గొప్పలు పోయి నన్ను తీసుకెళ్లాడు.

విశ్వకర్మ పూజ నాడు యంత్రాలన్నిటికీ బొట్లు పెట్టి, కంప్యూటర్‌కి కూడా దండ వేశారు. అలంకరణవాళ్లు రంగుదీపాల తీగని మా మీటరు కేబుల్‌తో కలిపి కట్టేశారు. దాంతో అంకెలు చెడిపోయి రావడం, అలారం మోగడం మొదలైంది. సరిగ్గా హారతి మధ్యలో. యజమాని చుట్టాలంతా నావైపే చూశారు. సిగ్గుతో చచ్చిపోయాను. అక్కడే కూర్చుని డ్రైవర్‌లో నాలుగు లైన్లు కలిపాను: సరైన అంకె రాకపోతే, అంతకు ముందు వచ్చిన మంచి అంకెనే చూపిస్తూ ఉండు. మోత ఆగింది. అందరం ప్రసాదం తిన్నాం. రేపు తీసేద్దామనుకున్నాను.

తీయలేదు. ఎందుకు? బద్ధకమా? కాదు. తెర నిమ్మళంగా ఉంటే అందరూ నన్ను మెచ్చుకుంటున్నారు, ఆ మెప్పు నాకు బాగుంది, మళ్లీ ఆ మోత మొదలైతే నాకు పని రాదనుకుంటారని భయం.

కొన్నాళ్లకి, ఒక మధ్యాహ్నం, తెర మీద అంకె కదలడం లేదు. మామూలుగా కాస్త అటూ ఇటూ ఊగేది. పొద్దుటి నుంచీ ఒకటే అంకె. నేను చూశాను. కేబుల్ ఊడిందేమో అని కూడా అనిపించింది. లేచి షెడ్డు ఆ చివరికి వెళ్లి చూడాలి. అప్పుడే టిఫిన్ డబ్బా తెరిచాను. తిన్నాక చూద్దామనుకున్నాను.

బాబాయి గుమ్మంలో నిలబడ్డాడు.

"గోతిలోకి దిగాలమ్మా. ఏటంటోంది నీ మిషను?"

"బాగానే ఉంది బాబాయ్. దిగు."

"అచ్ఛా. నువ్వు సెప్తే ఇంకేటి."

ఆయన మళ్లీ పైకి రాలేదు.

అరుపులు విని అందరూ గోతి వైపు పరుగెత్తారు. నేను కంప్యూటర్ వైపు తిరిగాను. ఏడుస్తూనే ఉన్నాను, వేళ్లు మాత్రం తడబడలేదు. ఆ లైన్లు తీసేసి మళ్లీ నడిపాను. కేబుల్ ఊడే ఉంది, వెంటనే అలారం మోగింది. అది ఎప్పటి నుంచి మోగుతోందో ఆ గోలలో ఎవరికి తెలుసు? అలారం మోగుతుంటే కూడా దిగాడంటే తాగే ఉంటాడని ఒకరన్నారు. సాయంత్రానికి అందరూ అదే మాట అన్నారు. నేను వింటూ కూర్చున్నాను.

పదిరోజులయ్యాక పిన్ని నన్ను వంటింట్లోకి పిలిచింది. "నిజం సెప్పమ్మా. ఆరోజు మీ బాబాయి తాగేడేటి?"

"నాకు తెలీదు పిన్నీ," అన్నాను.

ఆమె తలూపి పొయ్యి వైపు తిరిగింది. ఆ తర్వాత బతికినన్నాళ్లూ ఆయన మీద కోపంతోనే బతికింది. నన్ను మాత్రం ఎప్పుడూ కడుపునిండా తినమనేది. ఆమె తిట్టే ప్రతి తిట్టూ నాది కదా, ఆ అన్నం నాకు ఎలా దిగేది? దిగేది. అందుకే నన్ను చూస్తే నాకే భయం.

పిన్ని పక్క ఊరు కుమ్హారిలో, కూతురింట్లో పోయింది. ఆ అమ్మాయి తన పిల్లలకి కూడా తాత తాగి పోయాడనే చెప్పింది, నా ఎదురుగానే. అప్పుడూ నోరు తెరవలేదు.

క్షమించమని అడగను. అడగాల్సిన ఇద్దరూ లేరు. ఇక్కడి దాకా రాశాక ఊపిరి కాస్త ఆడుతోంది, అంతే.

సింహాచలం బాబాయి ఆరోజు తాగలేదు. నన్నడిగే దిగాడు.