రాగి తీగల వెంట వెళ్ళిన వేడి

బియ్యపు గింజలో సగం కూడా ఉండదు నా స్ఫటికం. నల్లటి పలుకు. చలికాలమంతా కొలిమి దగ్గర కూర్చుని పెంచాను. ద్రవ నైట్రోజన్‌తో చల్లబరిస్తే కరెంటును ఏ అడ్డూ లేకుండా పోనిచ్చేది. అంటే సూపర్‌కండక్టరే. కానీ దాని లోపలి ఎలక్ట్రాన్ల గుట్టు కరెంటుతో తెలియదు. జతకట్టిన ఎలక్ట్రాన్లు కరెంటును మోస్తాయి గానీ వేడిని మోయవు. వేడిని మోసేవి జతకట్టకుండా మిగిలినవి. వాటి సంగతి తెలియాలంటే ఒక కొసన చిన్న హీటర్ అతికించి, రెండో కొసకు వేడి ఎంత పారుతోందో కొలవాలి. మంచి స్ఫటికమైతే సూపర్‌కండక్టర్ కాగానే ఆ ఒంటరి ఎలక్ట్రాన్ల దారి ఖాళీ అయి వేడి జోరందుకుంటుంది. గ్రాఫ్‌లో గూనిలాంటి ఎత్తు లేస్తుంది.

నా గ్రాఫ్‌లో గూని లేదు.

"క్రిస్టల్ బాగా రాలేదు. సోమవారం మళ్ళీ కొలిమిలో పెట్టెయ్" అని మా గైడ్ హిందీలో తేల్చేశారు. పెడితే ఆ వేడికి లోపలి కూర్పు మారి అది మరో స్ఫటికమైపోతుంది. గ్రాఫ్ మడిచి సంచిలో పెట్టుకున్నాను. మీటింగ్‌లో ఎదురు చెప్పడం నాకు అలవాటు లేదు.

ఆర్.కె. పురం బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాక అసలు ప్రశ్న తట్టింది. మా ల్యాబ్‌లో అంతకుముందు అందరూ కొలిచింది కరెంటునే. దానికి రాగి తీగలైతే నయం, టంకం చక్కగా అంటుకుంటుంది. నా హీటర్‌కూ మా సీనియర్ రాగి చుట్టలోంచే తీగలు కత్తిరించాం. మరి రాగి వేడినీ మోస్తుంది కదా!

మర్నాడు స్ఫటికాన్ని తీసేసి, తీగలకు హీటర్ ఒక్కటే వేలాడదీసి కొలిచాను.

సోమవారం ఆ గ్రాఫ్ బల్ల మీద పెట్టగానే వరంగల్ సీనియర్ నవ్వాడు. "ఏంది చెల్లె, నోరు తెరువని దానివి, గ్రాఫ్ పట్టుకొచ్చినవ్?"

"క్రిస్టల్ లేకుండా కొలిచానన్నా."

"లేకుండనా? మరి వేడి యాడికి పోయింది, గాలిలకా?"

"గాలి ఎక్కడుంది, పంపు పెట్టి తీసేశాం కదా. నీ రాగి తీగల వెంట పోయింది."

గైడ్ రెండు గ్రాఫులనూ పక్కపక్కన పెట్టి చూశారు. మేం స్ఫటికం మోసిందనుకున్న వేడిలో సగానికి పైగా తీగలదే.

"అచ్ఛా" అన్నారు. "ఇప్పుడేం చేద్దామంటావు?"

"కొలిమి వద్దు సర్. మాంగనిన్ తీగలు వాడతాను, అవి వేడిని పెద్దగా మోయవు. ఇంకా లోతుగా చల్లబరచాలి, ఈ వారం ద్రవ హీలియం వంతు నాకివ్వండి." నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

ఆ వారం హీలియం వంతు సీనియర్‌ది. గైడ్ అతనివైపు చూశారు.

"ఠీక్ హై సర్" అని, నావైపు తిరిగి తెలుగులో అన్నాడు: "తీస్కో తల్లీ. నా తీగలనే దొంగలను జేస్తివి, ఇంకేం మాట్లాడ్త!"

వెంట్రుకంత సన్నటి తీగలు అతికించడానికి మైక్రోస్కోపు కింద మూడు రోజులు మెడ వంచాను. హీలియంతో చల్లబరుస్తూ పోతుంటే, సరిగ్గా కరెంటుకు అడ్డు మాయమయ్యే చోటే గీత పైకి తిరిగింది. ఇంకా చల్లబరిస్తే ఇంకా లేచింది. గూని! సీనియర్ నా భుజం మీదుగా చూసి, "బతికే ఉన్నది చెల్లె నీ పలుకు" అన్నాడు.

ఎప్పుడూ బాగానే ఉందన్నాను.

ఇప్పుడు మాంగనిన్ చుట్ట నా డ్రాయర్‌లో ఉంటుంది. వేడి కొలిచేవాళ్ళు ముందు స్ఫటికం లేకుండా ఒకసారి కొలిచి, ఆ గ్రాఫ్ నాకు చూపించాలి. తర్వాతే తీగ ఇస్తాను. సీనియర్‌కైనా అంతే.