కిరోసిన్‌లో దాచిన వెండి

అది 2022 ఎండాకాలం. ముత్తంగి దాటాక, గోదాముల వెనక ఉన్న డ్రమ్ముల షెడ్డులో నేను పనికి కుదిరి రెండేళ్ళయింది. కంపెనీలు వాడేసిన డ్రమ్ములూ డబ్బాలూ అక్కడికి వస్తాయి. నలుగురం ఆడవాళ్ళం వాటిని కడిగి ఎండకు ఆరబెడతాం. నేను చదివింది ఐదో తరగతి. ఆ పనిలో కళ్ళతో కన్నా ముక్కుతోనే ఎక్కువ చదువుకోవాలి.

షెడ్డులో అప్పుడు మూడు కుప్పలుండేవి. నూనె వాసనవి ఒకవైపు, పొగలు కక్కే యాసిడ్‌వి ఒకవైపు, ఉప్పు డబ్బాలు ఒకవైపు. మీద సోడియం అని రాసి ఉంటే చాలు, అది ఉప్పు కుప్పలోకే పోయేది. సోడియం కార్బొనేటో, సోడియం సల్ఫేటో, ఏదైతేనేం, నీళ్ళకు కరిగిపోతుంది. నేరుగా పైపు పెట్టి కడిగేవాళ్ళం. సూపర్‌వైజర్ శ్రీశైలం చీటీ చదివేవాడు, మేము దొర్లించేవాళ్ళం. ఏనాడూ తేడా రాలేదు.

ఆ పొద్దున నేను చాయ్ తాగి వచ్చేసరికి యాదమ్మ పైపు పట్టుకుని డ్రమ్ములు కడుగుతోంది. యాదమ్మది భానూర్ పక్క పల్లె. పనిలో చురుకు, మాటలో ఇంకా చురుకు. నడుము దాకా చీర తడిసిపోయి ఉంది. ఉప్పు కుప్ప దగ్గర నాకు కిరోసిన్ వాసన కొట్టింది. ఉప్పు డబ్బాకు కిరోసిన్ వాసన ఎందుకుంటుంది? వంగి చూశాను. చిన్న ఇనుప డబ్బా, మూత తీసి ఉంది. అడుగున నాలుగైదు బూడిద రంగు గడ్డలు, పాత సబ్బు ముక్కల్లా. ఒకదాన్ని ఎవరో కత్తితో కోశారు. కోసినచోట ఇంకా కాస్త వెండిలా మెరుస్తోంది.

నా కాళ్ళు అక్కడే ఆగిపోయాయి.

ఈ షెడ్డుకు రాకముందు పటాన్‌చెరు దగ్గర ఒక మందుల కంపెనీ ల్యాబులో ఆరేళ్ళు ఊడ్చాను. ల్యాబంటే మందును పరీక్ష చేసే గది. అక్కడి కెమిస్ట్ మేడంకు నాతో ముచ్చట్లంటే ఇష్టం. బియ్యంలో రాళ్ళు కలిస్తే అది మిక్చర్ అమ్మా, చెరిగితే దేనికది విడిపోతుంది, దేని గుణం దానికే ఉంటుంది అనేది. కాంపౌండ్ అట్లా కాదట. రెండు కలిసి మూడోది పుడుతుంది, పాత గుణాలు పోతాయి. మనం తినే ఉప్పులో సోడియం ఉందట. అది ఒంటరిగా ఉన్నప్పుడు ఎలిమెంట్, అంటే మరి దేనితోనూ కలవని అసలు సరుకు, నీళ్ళు తగిలితే మండుతుందట. నేను నవ్వితే, బియ్యపు గింజంత ముక్కను అద్దం వెనక గిన్నెడు నీళ్ళలో వేసి చూపింది. అది నీళ్ళమీద బుస్సుమంటూ పరుగెత్తి, పసుప్పచ్చగా మండి, టప్పున పేలింది. గాలి, తడి తగలకుండా దాన్ని కిరోసిన్‌లో ముంచి ఉంచుతారని అప్పుడే విన్నాను.

ఈ డబ్బాలో కిరోసిన్ లేదు.

పైపు ఆపమని యాదమ్మకు మెల్లగా చెప్పాను. గట్టిగా అంటే ఉలిక్కిపడి ఇటు తిప్పుతుందని భయం. ఆమె వాల్వు కట్టేసింది. డబ్బాలోని కిరోసిన్ ఏమైందని అడిగితే, తానే సీసాలోకి వంపుకున్నానంది. అది మా కట్టుబాటే. రేషన్ కిరోసిన్ బందయినప్పటి నుంచి, ఏ డబ్బాలో మిగిలినా మూత తీసినవాళ్ళది.

"గడ్డ కోసింది నువ్వేనా?"

ఆమె చెయ్యి రొండి దగ్గరికి పోయింది. తడి చీర, అందులో దోపిన పాలకవరు.

"అది తియ్యి యాదమ్మా. నీ చెయ్యి పెట్టకు, తడున్నది. నేను తీస్త."

"సగం గావాల్నా అక్కా? సక్కగ అడుగరాదు," అంది ఎగతాళిగా. "మనుమరాలికి పట్టీలు చేపిస్త. నీకు మెట్టెలు చేపిస్త తియ్యి."

శ్రీశైలం కూడా వచ్చి, "ఉప్పు సామానే గదక్కా. చీటీ మీద సోడియం అనే ఉన్నది," అన్నాడు.

"సోడియం పక్కన ఇంకేమన్న ఉన్నదా?"

అతను మళ్ళీ చదివాడు. ఇంకేమీ లేదన్నాడు.

చెబితే నమ్మే మనిషి కాదు యాదమ్మ. అందరినీ దూరం జరగమని, డబ్బాలోని గడ్డ నుంచి ఎండుపుల్ల కొనతో గోరు మొనంత గీరి, గేటు దగ్గరి మడుగులోకి విసిరాను. బుస్సుమంది. పసుప్పచ్చని మంట లేచింది. టప్పుమంది.

యాదమ్మ కట్టెలా బిగుసుకుపోయింది. "అక్కా," అంది, అంతే. ఆమె మోచేతి నుంచి నీటిచుక్కలు కారుతున్నాయి. ఒక్కొక్క చుక్కా ఎక్కడ పడుతుందోనని నేను చూస్తున్నాను. గోనెసంచికి నా చేతులు తుడుచుకున్నాను, మళ్ళీ తుడుచుకున్నాను. ఊపిరి బిగబట్టమని చెప్పి, రెండు వేళ్ళతో కవరు అంచు పట్టి లాగాను. కవరు వెచ్చగా ఉంది. అది ఒంటి వెచ్చదనమో, లోపల మొదలైన వేడో నాకు ఈనాటికీ తెలియదు. అలాగే తీసుకెళ్ళి ముక్కను డబ్బాలో వదిలి, సీసాలోని కిరోసిన్ మొత్తం తిరిగి పోశాను. గడ్డలు మునిగాక మూత బిగించాను.

కవరు మూల చిరిగి ఉంది. యాదమ్మ నడుము మీద రూపాయి బిళ్ళంత ఎర్రగా కాలింది. అక్కడ ముక్కేదీ అంటుకోలేదని ఎండుగుడ్డతో తుడిచి చూసుకుని, నీళ్ళు పోయబోతే నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. "నీళ్ళొద్దక్కా, నీ కాళ్ళు మొక్కుత." ముప్పై ఏళ్ళుగా కడుగుడు పనిలో నీళ్ళలోనే బతికిన మనిషి. ముందు నా చేతి మీద పోసుకుని చూపాక గానీ ఒప్పుకోలేదు. చాలాసేపు కడిగి దవాఖానకు పంపాం. మచ్చ మిగిలింది. డబ్బాను పంపిన కంపెనీవాళ్ళే వచ్చి, మాట్లాడకుండా తీసుకుపోయారు.

పేరు తెలిస్తే సరుకు తెలిసినట్టేనని అప్పటిదాకా అనుకున్నాను. అది ఒంటరిగా ఉందా, దేనితోనైనా కలిసి ఉందా అని కూడా అడగాలని ఆ రోజు నేర్చుకున్నాను. శ్రీశైలం ఇప్పుడు చీటీని చివరి అక్షరం దాకా చదువుతాడు. పక్కన మరో పేరు లేనివన్నీ గోడవతల నాలుగో కుప్పలోకి పోతాయి.

నీళ్ళ పైపు అక్కడికి అందదు. అంతదాకా రాకుండా దాన్ని కొలిచి కోసింది యాదమ్మే.